చెయ్యి ఊగినా పది పడుతుంది, వేలు తొందరపడితే పడదు

పిస్టల్ షూటింగ్ నేర్పే రేంజ్‌లో అద్దం అవతల కూర్చునే తల్లిదండ్రులు కోచ్‌ని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "సర్, మావాడి చెయ్యి ఊగుతూనే ఉంది. ఎప్పటికి ఆగుతుంది?" హైదరాబాద్‌లో ఈ ప్రశ్న అడగడానికి ఇప్పుడు కారణాలు కూడా ఉన్నాయి. ఇక్కడి అమ్మాయి ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. మరుసటి ఏడాది పారిస్‌లో మనూ భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది. దాంతో వేసవి సెలవుల్లో పిల్లల్ని ఎక్కడ చేర్పించాలా అని ఆలోచించే ఇళ్ళలో ఎయిర్ పిస్టల్ పేరు కూడా వినిపిస్తోంది.

ఆ ప్రశ్నకు ఉన్నదున్నట్టు చెప్పాల్సిన జవాబు: ఆగదు. ఒలింపిక్ ఫైనల్లో నిలబడ్డవాళ్ళ చెయ్యి కూడా ఊగుతుంది. చాచిన చేతిలో సెకనుకు సుమారు పదిసార్లు వచ్చే సన్నటి వణుకు ప్రతి మనిషికీ ఉంటుంది. దానికి గుండె కొట్టుకోవడం, ఊపిరి, నిలబడ్డ ఒళ్ళు ముందుకూ వెనక్కూ తూలడం తోడవుతాయి. సాధన చేస్తే ఆ ఊపు చిన్నదవుతుందే గానీ మాయమవదు. అయినా వాళ్ళకు పది మీద పది పడుతోంది. ఎలా పడుతోందో తెలియాలంటే కొంచెం కొలతల్లోకి దిగాలి. ఈ ఆటలో చాలా గందరగోళం ఆ లెక్క తెలియకపోవడం వల్లే వస్తుంది.

రెండు రకాల తప్పులు

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో నల్లటి భాగం అడ్డం 59.5 మిల్లీమీటర్లు. అందులో పది వలయం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. దాని లోపల 5 మిల్లీమీటర్ల ఇన్నర్ టెన్ ఉంటుంది. పెల్లెట్, అంటే పిస్టల్‌లోంచి వచ్చే చిన్న సీసపు గుండు, మందం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు వలయం గీతను తాకినా ఆ పాయింటు వచ్చేస్తుంది. ఈ కొలతలన్నీ కలిపి చూస్తే, పెల్లెట్ నడిబొడ్డు టార్గెట్ మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల లోపు పడితే పది, 16 లోపు తొమ్మిది, 24 లోపు ఎనిమిది, 32 లోపు ఏడు. ప్రతి 8 మిల్లీమీటర్లకూ ఒక పాయింటు పోతుందన్నమాట.

పిస్టల్ మీద రెండు సైట్లుంటాయి. వెనక సైటులో ఒక గాడి, ముందు సైటు ఒక చిన్న దిమ్మ. గాడి మధ్యలో దిమ్మ కనబడాలి, రెండు పక్కలా సమానంగా వెలుగు ఉండాలి, పైఅంచులు ఒకే గీతలో ఉండాలి. ఇది కుదిరినప్పుడు చెయ్యి కాస్త పక్కకు జరిగి గురి టార్గెట్ మీద 7 మిల్లీమీటర్లు ఊగిందనుకుందాం. షాట్ కూడా 7 మిల్లీమీటర్లే తప్పుతుంది. పదే పడుతుంది. కంటికి అది భయంకరమైన ఊపులా కనబడుతుంది, స్కోరు బోర్డుకు మాత్రం పట్టదు.

ఇప్పుడు రెండో రకం చూద్దాం. చెయ్యి కదల్లేదు, గురి సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది, కానీ గాడిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగింది. ఎయిర్ పిస్టల్‌లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. టార్గెట్ 10 మీటర్ల అవతల ఉంది, అంటే దానికి 30 రెట్లు. కాబట్టి ఇక్కడి ఒక మిల్లీమీటరు అక్కడ 30 మిల్లీమీటర్లవుతుంది. పది పడాల్సిన షాట్ ఏడు. అర మిల్లీమీటరు జరిగినా తొమ్మిదికి పడిపోతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి రకం తప్పుతో యుద్ధం చేస్తూ రెండో రకాన్ని గాలికొదిలేస్తారు. అది సహజమే. మొదటిది కళ్ళ ముందు ఊగుతూ కనబడుతుంది, రెండోది వెంట్రుకంత తేడా. పైగా మొదటిదాన్ని ఆపాలని చెయ్యి బిగించేకొద్దీ మణికట్టు అలసిపోయి రెండోది పెరుగుతుంది. నా మట్టుకు నాకు, ఈ ఒక్క విషయం పిల్లలకు కాగితం మీద గీసి చూపించని కోచింగ్‌కి ఎంత ఫీజు కట్టినా దండగే.

కన్ను ఒక్కచోటే చూడగలదు

వెంట్రుకంత తేడాను పట్టుకోవాల్సింది కన్ను. ఇక్కడో చిక్కుంది. చెయ్యి చాచి బొటనవేలు పైకెత్తి పట్టుకుని, ఎదురుగా గోడ మీది క్యాలెండర్ చదవండి. వేలు మసకబారుతుంది. వేలి గోరు చూడండి, క్యాలెండర్‌లో తేదీలు అలుక్కుపోతాయి. కంటి కటకం ఒకసారి ఒక దూరానికే స్పష్టంగా సర్దుకోగలదు. పిస్టల్ పట్టుకున్నవాడి ముందు మూడు దూరాలున్నాయి: వెనక సైటు, ముందు సైటు, టార్గెట్. వీటిలో స్పష్టంగా కనబడాల్సింది ముందు సైటు. టార్గెట్ మసగ్గా, బూడిదరంగు ఉండలా కనబడినా ఫర్వాలేదు. టార్గెట్ మీద గురి కొంచెం అటూ ఇటూ అయినా పోయేదేమీ లేదని ఇందాకటి లెక్కే చెప్పింది.

వినడానికి సులువుగానే ఉంటుంది. ఆచరణలో ఇంతకన్నా కష్టమైనది ఈ ఆటలో ట్రిగ్గర్ ఒక్కటే. కొట్టాల్సిన వస్తువును చూడకుండా కొట్టమంటే మనసు ఒప్పుకోదు. ట్రిగ్గర్ తెగబోయే ముందు, అంటే షాట్ వెళ్ళబోయే ముందు, కన్ను చటుక్కున టార్గెట్ మీదికి దూకుతుంది. ఆ క్షణంలోనే సైట్లు చెదురుతాయి, చెదిరినట్టు షూటర్‌కి తెలియను కూడా తెలియదు.

చాలామంది పిస్టల్ షూటర్లు నల్లటి వృత్తం మధ్యలో గురి పెట్టకపోవడానికి కారణం కూడా ఇదే. నలుపు మీద నల్లటి ముందు సైటు కనబడదు. అందుకని నలుపుకి కింద, తెల్లటి భాగంలో గురి పెట్టి, పెల్లెట్ పైన మధ్యలో పడేలా వెనక సైటును సర్దుకుంటారు. తెలుపు మీద ముందు సైటు అంచులు కత్తితో కోసినట్టు కనబడతాయి. గురి పెట్టేది ఒక చుక్క మీద కూడా కాదు, ఒక చిన్న ప్రాంతం మీద. ఆ ప్రాంతంలో చెయ్యి ఊగుతూ ఉంటుంది, ఊగనిస్తారు.

మూసిన కన్ను గురించి కూడా ఒక మాట. ఒక కన్ను గట్టిగా మూసుకుంటే రెండో కన్ను కూడా ముడుచుకుని కాసేపట్లో అలసిపోతుంది. అందుకే రెండు కళ్ళూ తెరిచి ఉంచి, గురి చూడని కంటికి చిన్న అడ్డు పెట్టుకుంటారు. ఆ అడ్డు వెడల్పు 30 మిల్లీమీటర్లు మించకూడదని నిబంధన. పోటీ రోజు అధికారులు దాన్నీ కొలుస్తారు.

వేలు చేసే పని

ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. మ్యాచ్ పిస్టల్ మొత్తం బరువు సాధారణంగా కిలో చుట్టుపక్కల ఉంటుంది (గరిష్ఠ పరిమితి కిలోన్నర). ఒంటి చేత్తో పట్టుకున్న కిలో వస్తువు మీద ఒక వేలు అర కిలో బలం పెడుతోంది. ఆ బలం తిన్నగా వెనక్కి వెళ్తే సరే. కొంచెం పక్కకు లాగినా, లేక చూపుడు వేలితో పాటు మిగతా వేళ్ళు కూడా ముడుచుకున్నా, పిస్టల్ మూతి వంగుతుంది. కుడిచేతి వాళ్ళకు ఇది ఎక్కువగా ఎడమ కింద కనబడుతుంది.

ఆ వంపును షూటర్‌కి చూపించడానికి పాత పద్ధతి ఒకటుంది. నాకు తెలిసినంతలో దీన్ని మించింది లేదు. ఎనిమిదో తరగతి చదివే ఒకమ్మాయి వరసగా ఎడమ కిందకే కొడుతోంది.

"సర్, సైటు రెండు క్లిక్‌లు కుడికి తిప్పనా?"

"ముట్టుకోకమ్మా. పిస్టల్ బల్ల మీద పెట్టి ఒక్కడుగు వెనక్కి రా."

కోచ్ తను అడ్డు నిలబడి లోడ్ చేశాడు. మూతి టార్గెట్ వైపే ఉంచి బల్ల మీద పెట్టాడు. ఆమె తీసుకుని కాల్చింది, తొమ్మిది. మళ్ళీ ఇచ్చాడు, మళ్ళీ తొమ్మిది. ఆ తర్వాతిసారి పెల్లెట్ పెట్టకుండా, పిస్టల్‌ని డ్రై ఫైర్‌లో (గాలి విడుదల కాకుండా ట్రిగ్గర్ మాత్రమే తెగేలా) ఉంచి ఇచ్చాడు. ఆమెకు ఆ సంగతి తెలియదు. ట్రిగ్గర్ టిక్ మంది. గాలి చప్పుడు లేదు, కుదుపు లేదు, ముందు సైటు మాత్రం ఎడమ పక్కకు కిందకి ఒక్క ఊపు ఊగి ఆగింది. ఆమె పిస్టల్ దించకుండా అలాగే నిలబడి, "సర్, ఇదెవరు ఊపారు?" అంది. కోచ్ నవ్వాడు. నిజమైన షాట్‌లో చప్పుడూ కుదుపూ ఈ ఊపుని కప్పేస్తాయి. ఖాళీ పిస్టల్‌లో కప్పేది ఏమీ ఉండదు.

ఈ ఊపు ఎందుకొస్తుందంటే, షూటర్ "ఇప్పుడు!" అనుకుంటాడు కాబట్టి. గురి ఊగుతూ ఊగుతూ సరిగ్గా మధ్యకు రాగానే ఆ క్షణాన్ని పట్టుకోవాలని చూస్తాడు. కంటికి కనబడినదానికి వేలు స్పందించడానికి మామూలుగా సెకనులో ఐదో వంతు పడుతుంది. అప్పటికి గురి అక్కడి నుంచి వెళ్ళిపోయి ఉంటుంది. తొందరగా నొక్కిన బలానికి మూతి కూడా వంగి ఉంటుంది. ఊపు వల్ల పోయేది మహా అయితే ఒక పాయింటు. దాన్ని తప్పించుకోబోయి రెండు మూడు పోగొట్టుకుంటాడు.

మంచి షూటర్ చేసేది దీనికి తలకిందులు. పిస్టల్ టార్గెట్ పైకి ఎత్తి, నెమ్మదిగా దించుతూ ఊపిరి సగం వదిలి ఆపుతాడు. ట్రిగ్గర్ రెండు దశల్లో కదులుతుంది, షాట్ తెగేది రెండో దశలో. దించుతున్నప్పుడే మొదటి దశ నొక్కేస్తాడు. గురి తన ప్రాంతంలోకి రాగానే మిగతా బలాన్ని ఒకే వేగంతో పెంచుకుంటూ పోతాడు. ట్రిగ్గర్ ఏ క్షణంలో తెగుతుందో అతను నిర్ణయించడు. తెగాక ఒకటి రెండు సెకన్లు ఏమీ జరగనట్టే సైట్లను చూస్తూ నిలబడతాడు. పెల్లెట్ గొట్టం దాటడానికి సెకనులో వెయ్యో వంతులే చాలు, ఆ తర్వాత 10 మీటర్లు ప్రయాణించడానికి సుమారు 0.07 సెకను. మరి అంతసేపు నిలబడి లాభమేమిటి? ముందే దించాలన్న ఆలోచన ఉన్న చెయ్యి, పెల్లెట్ గొట్టంలో ఉండగానే దిగడం మొదలుపెడుతుంది. నిలబడాలని ముందే అనుకుంటే అది జరగదు. దీన్నే ఫాలో త్రూ అంటారు.

పదో సెకను దాటినా షాట్ తెగకపోతే పిస్టల్ దించేయాలి. అప్పటికి కన్ను పాత బొమ్మనే చూస్తూ ఉంటుంది, కండరం అలసిపోతుంది. దించడం ఓటమిలా అనిపించి చాలామంది బలవంతంగా కాల్చేస్తారు. మ్యాచ్‌లో 60 షాట్లకు 75 నిమిషాలిస్తారు, అంటే షాట్‌కు సగటున 75 సెకన్లు. దించి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తడానికి కావలసినంత టైముంది.

స్కోరు కన్నా గుంపు ముఖ్యం

ఆ అమ్మాయి సైటు తిప్పుతానంది కదా. అది పెద్దవాళ్ళు కూడా వదులుకోలేని దురలవాటు. సైటు తిప్పడం తప్పు కాదు, ఒక్క షాట్ చూసి తిప్పడం తప్పు. ప్రతి షాట్‌లోనూ కొంత యాదృచ్ఛికమైన తేడా ఉంటుంది. ఈ షాట్ కుడికి పోయిందని సైటు ఎడమకు తిప్పితే, ఈ షాట్‌లోని యాదృచ్ఛికమైన తేడాను తీసుకెళ్ళి సైటులో పెట్టినట్టే. తర్వాతి షాట్‌కి దాని తేడాతో పాటు ఇది కూడా కలుస్తుంది. ప్రతి షాట్ తర్వాతా ఇలా పూర్తిగా సర్దుతూ పోతే షాట్ల వెదజల్లు తగ్గకపోగా సుమారు 1.4 రెట్లు పెరుగుతుంది. ఇది గణితం, అనుభవంతో పనిలేదు. బాగు చేద్దామని కూర్చుంటే మొదటికే మోసం.

కాబట్టి ఐదు షాట్లు కాల్చి, వాటి గుంపు ఎక్కడుందో చూడాలి. గుంపు బిగుతుగా ఉండి మధ్యకు దూరంగా ఉంటే సైటు పని. గుంపే చెల్లాచెదరుగా ఉంటే మనిషి పని, సైటు జోలికి పోకూడదు. ఎనిమిదిలో అర్ధరూపాయి బిళ్ళంత చోట ఐదు రంధ్రాలు పెట్టిన పిల్లవాడికి స్కోరు 40. అక్కడొకటి ఇక్కడొకటి కొట్టి, అదృష్టం కొద్దీ రెండు పదులు తగిలిన వాడికి 43 రావచ్చు. అద్దం అవతలి నుంచి ఫోన్‌లో వీడియో తీసే నాన్నగారికి రెండోవాడే గొప్పగా కనబడతాడు. మొదటివాడికి కావలసింది నాలుగు క్లిక్‌లు, రెండోవాడికి నాలుగు నెలలు. మొదటి ఆరు నెలలు పిల్లల చేత స్కోరు రాయించకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ మాట చెప్పి స్నేహితులను పోగొట్టుకున్న కోచ్‌లు కూడా ఉన్నారు.

ఈ గుంపు బిగించడానికి చేసే అభ్యాసాల్లో ఒకటి చూడ్డానికి పిచ్చిపనిలా ఉంటుంది. టార్గెట్ కార్డును వెనక్కి తిప్పి పెడతారు. వలయాల్లేవు, నలుపు లేదు, ఖాళీ తెల్ల కాగితం. దాని మధ్యలోకి కాల్చమంటారు. చాలాసార్లు ఖాళీ కాగితం మీద పడ్డ గుంపు, వలయాలున్న కార్డు మీది గుంపుకన్నా చిన్నదిగా వస్తుంది. కాగితంలో చూడ్డానికి ఏమీ లేదు కాబట్టి కన్ను ముందు సైటును వదిలి దూకదు, పది కనబడదు కాబట్టి వేలికి ఆశ పుట్టదు.

రెండోది షాట్ చెప్పడం. ఎలక్ట్రానిక్ టార్గెట్లున్న లేన్‌లో షాట్ తెగిన వెంటనే పక్కనే తెర మీద అంకె వచ్చేస్తుంది. ఆ తెర మీద ఒక న్యాప్‌కిన్ కప్పేసి, ముందు నోటితో చెప్పమంటారు: "తొమ్మిది, ఎడమ పక్క." తర్వాత న్యాప్‌కిన్ ఎత్తి చూడాలి. చెప్పిందీ పడిందీ కలిస్తే, తొమ్మిదైనా సరే అది మంచి అభ్యాసం. ట్రిగ్గర్ తెగిన క్షణంలో కన్ను సైట్ల మీదే ఉందనడానికి రుజువు అదే. పది పడి, షూటర్ ఏడని చెప్పాడంటే ఆ పదికి సంబరపడాల్సింది ఏమీ లేదు.

డబ్బు పెట్టగలిగిన వాళ్ళకు స్కాట్ లాంటి పరికరాలున్నాయి. గొట్టానికి చిన్న సెన్సర్ బిగిస్తే గురి తిరిగిన దారంతా కంప్యూటర్ తెర మీద గీతలా వస్తుంది. చివరి సెకనుది వేరే రంగులో ఉంటుంది. ఊపు ఎంత, ట్రిగ్గర్ వల్ల చెదిరింది ఎంత అన్నది విడివిడిగా కనబడుతుంది. చాలామంది ఆ తెర చూసి మొదటిసారి నోరెళ్ళబెడతారు: గీతంతా పదిలోనే తిరుగుతూ, చివర్లో ఒక్కసారి తోకలా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది.

నిలబడే తీరు, గ్రిప్పు, ఊరు

వీటి గురించి తక్కువ చెప్పినా సరిపోతుంది. కళ్ళు మూసుకుని చెయ్యెత్తి, తెరిచి చూస్తే పిస్టల్ ఎటు చూస్తోందో అది ఒంటి సహజమైన దిశ. అది టార్గెట్‌కి పక్కగా ఉంటే చెయ్యి తిప్పకూడదు, పాదాలు జరుపుకోవాలి. చెయ్యి తిప్పి సర్దుకుంటే 60 షాట్ల పొడుగునా కండరం ఒంటితో కొట్లాడుతూనే ఉంటుంది. చెక్క గ్రిప్పును అరచేతికి తగ్గట్టు ఆకురాయితో అరగదీసి, ఖాళీ ఉన్నచోట పుట్టీ పెట్టి సరిచేసుకుంటారు. మణికట్టుకు మాత్రం ఆసరా తగలకూడదు, నిబంధన ఒప్పుకోదు.

హైదరాబాద్ వరకు వస్తే, అసలు సమస్య దూరం. దిల్‌సుఖ్‌నగర్ నుంచో ఉప్పల్ నుంచో గచ్చిబౌలి దాకా ట్రాఫిక్‌లో బండి నడుపుకుంటూ వచ్చినవాడి కుడి ముంజేయి యాక్సిలరేటర్ తిప్పీ తిప్పీ అప్పటికే రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. అదే చేత్తో వెంటనే పిస్టల్ పడితే ఊపు రెట్టింపు. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉంది, దాంట్లో కూర్చుని వస్తే సగం సమస్య తీరుతుంది. లేదా వచ్చాక అరగంట చేతులు వదులుగా వేలాడేసి కూర్చోవాలి. ఆ అరగంటలో ఇరానీ చాయ్ రెండు కప్పులు కొడితే మాత్రం చేసిందంతా వృథా. కెఫీన్ చేతి వణుకును పెంచుతుంది. మే నెలలో గ్రిప్పు మీద చెమట ఇంకో గోల. చిన్న టవల్ లేకుండా లేన్‌లోకి వెళ్ళేవాళ్ళు ఇక్కడ తక్కువ.

ఆదివారం మూడు గంటలు రేంజ్‌లో గడిపే బదులు రోజూ ఇంట్లో పావుగంట ఖాళీ పిస్టల్‌తో తెల్ల గోడ ముందు నిలబడటం మేలు. మ్యాచ్ పిస్టళ్ళకు గాలి విడుదల కాకుండా ట్రిగ్గర్ మాత్రమే తెగే డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటుంది. గోడ మీద చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి ముందు సైటు కదిలిందా లేదా అన్నదొక్కటే కనబడుతుంది. పెల్లెట్ డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు. గొట్టం ఖాళీగా ఉందని కళ్ళతో చూసుకున్నాకే మొదలుపెట్టాలి. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో పెల్లెట్లతో ప్రాక్టీస్ చేద్దామనుకునేవాళ్ళు దయచేసి ఆ ఆలోచన మానుకోండి. సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వచ్చే సీసపు ముక్క పక్కింటివాళ్ళ కంటికి తగిలితే ఏ సారీలూ పనికిరావు.

పోటీ రోజు మిల్లీమీటర్లు

అభ్యాసంలో 600కు 570 కొట్టేవాడు మ్యాచ్‌లో 555 దగ్గర ఆగిపోతే "టెన్షన్ పడ్డాడు" అనేస్తాం. టెన్షన్ చేసేది నిర్దిష్టంగా ఏమిటంటే, ఊపును కొంత పెంచుతుంది. పెరిగిన ఊపును చూసి షూటర్ భయపడి ట్రిగ్గర్ లాగేస్తాడు. పాయింట్లు ఎక్కువగా పోయేది ఈ రెండో మెట్టు దగ్గర. గుండె వేగాన్ని మాత్రతో తగ్గించుకునే దారి కూడా మూసేశారు. బీటా బ్లాకర్లు షూటింగ్‌లో పోటీ రోజే కాదు, మిగతా రోజుల్లో కూడా నిషిద్ధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు దగ్గర ప్రొప్రనొలాల్ పట్టుబడి రెండు పతకాలు పోయాయి.

పురుషుల ఎయిర్ పిస్టల్‌లో దక్షిణ కొరియా షూటర్ జిన్ జాంగ్ ఓ 2009లో 600కు 594 కొట్టాడు. 60 షాట్లలో పోయింది ఆరు పాయింట్లే. ఆ స్థాయిలో తేడాలు ఎంత సన్నగా ఉంటాయో పారిస్ చూపించింది. ఫైనల్‌కు వెళ్ళేది మొదటి ఎనిమిది మందే. మన షూటర్ సరబ్‌జోత్ సింగ్ 577 కొట్టాడు, ఎనిమిదో స్థానంలో ఉన్న జర్మన్ షూటర్ కూడా 577. జర్మన్‌కు ఇన్నర్ టెన్లు 17, సరబ్‌జోత్‌కు 16. ఒక్క ఇన్నర్ టెన్ తేడాతో ఫైనల్ పోయింది. మూడు రోజుల తర్వాత సరబ్‌జోతే మనూతో కలిసి మిక్స్‌డ్ టీమ్ కాంస్యం గెలిచాడు. ఫైనల్లో స్కోరును దశాంశాల్లో లెక్కిస్తారు, 10.9 గరిష్ఠం, ప్రతి 0.1కి టార్గెట్ మీద 0.8 మిల్లీమీటరు. మనూ భాకర్ 221.7 దగ్గర ఆగినప్పుడు రజతం వైపు వెళ్ళిన దక్షిణ కొరియా షూటర్ కిమ్ యేజీకీ ఆమెకూ తేడా 0.1. అప్పటికి ఇద్దరూ కాల్చినవి 22 షాట్లు. వాటన్నిటిలో కలిపి ఒక్క మిల్లీమీటరు కూడా లేని తేడా.

ఆ మనూయే టోక్యోలో మ్యాచ్ మధ్యలో పిస్టల్ మొరాయించి విలువైన నిమిషాలు పోగొట్టుకుని, 575తో 12వ స్థానంలో ఆగిపోయింది. పోయినవి పాయింట్లు కావు, సమయం. తీరిగ్గా దించి మళ్ళీ ఎత్తుకునే వెసులుబాటు పోయింది. అందుకే మంచి కోచ్‌లు అప్పుడప్పుడూ అభ్యాసం మధ్యలో కావాలనే ఆపించి, మిగిలిన టైములో మిగిలిన షాట్లు పూర్తి చేయిస్తారు. పక్క లేన్‌లో కబుర్లు, వెనక సెల్‌ఫోన్ మోత కూడా కొన్ని రోజులు ఉండనిస్తారు. ఫైనల్ హాలులో ప్రేక్షకులు చప్పట్లు కొడతారు, ఒక్కో షాట్‌కి 50 సెకన్లే ఇస్తారు. నిశ్శబ్దంలో మాత్రమే కొట్టగలిగేవాడికి అది కొత్త ఆటలా అనిపిస్తుంది.

25 మీటర్లకు వెళ్ళాక

ఈషా సింగ్ పారిస్‌లో పోటీ పడిన 25 మీటర్ల పిస్టల్‌లో వాడేది .22 తూటాల పిస్టల్, ట్రిగ్గర్ కనీసం కిలో. ఎయిర్ పిస్టల్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్ళ శక్తిని, 4.5 మిల్లీమీటర్ల గొట్టాన్ని మించని ఎయిర్ ఆయుధాలకు మినహాయింపు ఉంది. మ్యాచ్ ఎయిర్ పిస్టల్ శక్తి ఆరు జౌళ్ళ దగ్గరే ఉంటుంది. .22కు లైసెన్సు తప్పనిసరి. అందువల్ల ఇక్కడ దాదాపు అందరూ ఎయిర్ పిస్టల్‌తోనే మొదలుపెడతారు. పద్ధతి నేర్చుకోవడానికీ అదే నయం.

25 మీటర్ల పోటీలో సగం షాట్లు నిదానంగా, ఐదు నిమిషాలకు ఐదు చొప్పున కాల్చేవి. మిగతా సగం వేరే లోకం. చెయ్యి కిందకి 45 డిగ్రీల్లో ఉంచి నిలబడాలి. మూడు సెకన్లు అవకాశం, ఏడు సెకన్ల విరామం, ఒక్కో అవకాశానికి ఒక్కటే షాట్. ఈ భాగంలో పది వలయం 100 మిల్లీమీటర్లు. దూరం కూడా లెక్కలోకి తీసుకుంటే కంటికి ఎయిర్ పిస్టల్ పదికన్నా మూడున్నర రెట్లు పెద్దది. ఊపు గురించి బెంగ ఇంకా తగ్గాలి నిజానికి. పారిస్‌లో ఎయిర్ పిస్టల్ రజతం గెలిచిన కిమ్ యేజీ ఇదే ఈవెంట్‌లో ఒక షాట్ మూడు సెకన్లలో తెంపలేక సున్నా తెచ్చుకుంది, ఫైనల్‌కు రాలేదు.

నిదానంగా కాల్చడం అలవాటైనవాళ్ళు ఇక్కడ చెయ్యెత్తి, గురి కుదిరే దాకా ఆగి, అప్పుడు ట్రిగ్గర్ మొదలుపెడతారు. అప్పటికే రెండు సెకన్లు దాటిపోతాయి, మిగిలిన కాస్త టైములో కిలో బరువును గుంజాల్సి వస్తుంది. పద్ధతి మారాలి. చెయ్యి లేస్తూ ఉండగానే మొదటి దశ పూర్తవ్వాలి. టార్గెట్ కింది అంచు దాటేసరికి రెండో దశ సగం వరకు రావాలి. చెయ్యి ఆగిన అర సెకనులో మిగతాది తెగాలి. ఫోన్‌లో మూడు, ఏడు సెకన్ల టైమర్ పెట్టుకుని, ఖాళీ పిస్టల్‌తో, గోడ మీద నల్లచుక్క కూడా లేకుండా ముందు ఇదే చేయిస్తారు. తూటాలు పెట్టేది, చెయ్యి ఆగడం కోసం వేలు ఎదురుచూడటం మానేశాకే.